ప్రసంగాల్లోని యూదుడు

వరంగల్, హనుమకొండ, కాజీపేటల్లో ఎక్కడైనా పదిమందిని ఆపి యూదు మతం అంటే ఏమిటని అడగండి. చర్చికి పోయేవాళ్లయితే అది పాత నిబంధన మతమని, క్రీస్తు వచ్చాక దాని పని అయిపోయిందని చెప్తారు. పోనివాళ్లు కంటికి కన్ను, పంటికి పన్ను అనే మతం కదా అంటారు. రోజూ పేపరు తిరగేసేవాళ్లు మతం సంగతి వదిలేసి మొస్సాద్ మీదికి, బిందుసేద్యం మీదికి పోతారు. కాలేజీలో చరిత్ర చెప్పేవాళ్లు, కోర్టులో వాదించేవాళ్లు, కథలు రాసేవాళ్లు కూడా ఇంతకంటే ముందుకు పోవడం నేను చూడలేదు.

ఈ పాఠం ఎక్కడి నుంచి వచ్చిందో కనుక్కోవడం కష్టమేం కాదు. తెలుగునేల మీద మనలో చాలామందికి యూదుడు ఎన్నడూ మనిషిగా ఎదురుపడలేదు. సువార్తల్లో పాత్రగా ఎదురయ్యాడు. అక్కడ పరిసయ్యుడికి, శాస్త్రికి, ప్రధాన యాజకుడికి ఉన్న పనల్లా యేసుకు అడ్డుతగలడమే. గుడ్ ఫ్రైడే నాడు సిలువ ఏడు మాటల కూటాల్లో ఏటా ఆ పాత్రలే మళ్లీ లేస్తాయి. మొదటి శతాబ్దంలో ఒకే మతం లోపల జరిగిన ఇంటి గొడవలో ఒక పక్షం రాసిపెట్టింది మనకు చేరింది. రెండో పక్షం కూడా రాసిపెట్టుకుంది, పైగా అంతకు ఎన్నో రెట్లు రాసిపెట్టుకుంది. దాన్ని తెరవకుండానే ఆ మతం పాత నిబంధన చివరి పేజీ దగ్గర ఆగిపోయిందని తీర్మానించేశారు. నా పేచీ ఆ తీర్మానంతోనే.

కంటికి కన్ను దగ్గరే మొదలుపెడదాం. పశ్చిమాసియాలో బాంబు పడితే చాలు, మన టీవీల్లో ఈ మాట పరుగెడుతుంది. నిర్గమకాండం 21వ అధ్యాయంలో అది ఉంది, నిజమే. లేవీయకాండంలోనూ ద్వితీయోపదేశకాండంలోనూ ఉంది. న్యాయస్థానం దాన్ని ఎట్లా అమలు చేయాలన్నది మాత్రం మిష్నాలో ఉంది. తరతరాలుగా నోటిమాటగా నడిచిన ధర్మశాస్త్ర వివరణను క్రీ.శ. 200 ప్రాంతంలో ధర్మశాస్త్ర పండితుడు రబ్బీ యెహూదా హనాసీ కూర్చిన సంపుటి అది, మొత్తం 63 భాగాలు. అందులో బావా కమ్మా అనే భాగంలో ఎనిమిదో అధ్యాయం ఎత్తుకోవడమే లెక్కలతో ఎత్తుకుంటుంది. మనిషిని గాయపరిచినవాడు ఐదు పద్దుల కింద డబ్బు కట్టాలి: శరీరానికి జరిగిన నష్టం, నొప్పి, వైద్యం ఖర్చు, పనికి పోలేని రోజుల కూలి, అవమానం. కన్ను పోయినా ఇదే, చెయ్యి విరిగినా ఇదే. ఎదుటివాడి కన్ను పీకమని ఆ అధ్యాయంలో ఎక్కడా లేదు.

హనుమకొండ అదాలత్‌లో మోటారు ప్రమాదాల క్లెయిములు నడిపే వకీలుకు ఈ పద్దులు చూపిస్తే ఆయనకు కొత్తగా అనిపించేది ఒక్కటే ఉంటుంది. వైకల్యం, నొప్పీ బాధా, ఆస్పత్రి బిల్లులు, పోయిన సంపాదన ఆయన రోజూ రాసే పిటిషన్లలో ఉన్నవే. అవమానానికి విడిగా పద్దు పెట్టడం మాత్రం ఆయన ఎరగడు. ప్రతీకార మతమని మనం పేరుపెట్టిన చోట పద్దెనిమిది వందల ఏళ్ల కిందటే నష్టపరిహార చట్టం నడిచింది.

మిష్నా మీద చర్చలతో క్రీ.శ. 500 ప్రాంతంలో ఇప్పటి ఇరాక్‌లో రూపుకట్టిన బాబిలోనియా తల్మూద్ ఇదే అధ్యాయాన్ని ముందేసుకుని ప్రశ్నల మీద ప్రశ్నలు గుప్పిస్తుంది. కన్ను పొడిచినవాడు ముందే గుడ్డివాడైతే వాడి దగ్గర ఏం తీసుకుంటారు? చట్టం అందరికీ ఒక్కటే కావాలి కదా? శిక్షగా కన్ను తీసేటప్పుడు వాడి ప్రాణం పోతే కంటికి కన్నూ ప్రాణమూ రెండూ తీసినట్టు కాదా? ఇట్లా ఒక్కొక్క రబ్బీ ఒక్కొక్క దారిలో వచ్చి డబ్బే కట్టించాలన్న చోటికి చేరతాడు.

అవమానం పద్దు మీద ఆ అధ్యాయంలోనే ఒక కేసుంది. ఒకడు నడిబజారులో ఒక ఆడమనిషి తలమీది ముసుగు లాగేశాడు. ఆమె రబ్బీ అకీవా దగ్గర ఫిర్యాదు చేసింది. నాలుగు వందల జూజ్‌లు, అంటే వెండి నాణేలు, కట్టమని ఆయన తీర్పిచ్చాడు. రెండు వందల జూజ్‌లున్నవాడు పేదల వాటాకు చెయ్యి చాపకూడదన్నది మిష్నా లెక్క, అంటే జరిమానా ఎంత పెద్దదో చూసుకోవచ్చు. వాడు గడువడిగాడు. ఆమె వాకిట్లో నిలబడి ఉండగా కనిపెట్టి, సాక్షుల్ని పెట్టుకుని, ఏ కాణీయో చేసే నూనె ఉన్న కుండను ఆమె ముందు పగలగొట్టాడు. నూనె నేలపాలవుతుంటే ఆమె చూడలేకపోయింది. తానే ముసుగు తీసి, అరచేత్తో నూనె అద్దుకుని తలకు పట్టించుకుంది. వాడు సాక్షులను వెంటబెట్టుకొచ్చి, కాణీ నూనె కోసం బయట తల విప్పుకున్నదానికి నేను నాలుగు వందలు కట్టాలా అన్నాడు. అకీవా ఆ వాదాన్ని కొట్టేశాడు. తనకు తాను నష్టం చేసుకోవడం తగనిదే అయినా దానికి శిక్ష లేదు, అదే పని ఇంకొకడు చేస్తే కట్టి తీరాలన్నాడు. ఎంత నిరుపేదనైనా ఆస్తి కరిగిపోయిన పెద్దింటివాడిగానే ఎంచి పరువుకు ఖరీదు కట్టాలన్నది కూడా ఆయన వాదమే, ఎందుకంటే అందరూ అబ్రాహాము సంతానమే. మన ఊళ్లలో పంచాయితీ పెద్దమనుషులు ఎవరి పరువుకు ఎంత రేటు కడతారో మనం ఎరుగుదుం. ఈ అకీవాను రోమన్లు చిత్రవధ చేసి చంపారు. మన ప్రసంగాల్లో ఆయన పేరు ఎన్నడూ వినబడదు.

ఇప్పుడు పరిసయ్యుడు. తెలుగు క్రైస్తవ వాడుకలో ఆ మాటకు వేషధారి అన్నదే అర్థం. సంఘంలో ఎవరైనా నియమం నియమం అని పట్టుపడితే చాలు, పరిసయ్యుడు అంటారు. కానీ నేటి యూదు మతం పరిసయ్యులు నిలబెట్టిందే. క్రీ.శ. 70లో రోమన్ సైన్యం యెరూషలేము దేవాలయాన్ని తగలబెట్టింది. దేవాలయం మీద బతికిన సద్దూకయ్యులు దానితోపాటే పోయారు. బలిపీఠం లేకుండా దేవుణ్ని ఎట్లా కొలవాలన్న ప్రశ్న పరిసయ్యుల వారసులైన రబ్బీల నెత్తిన పడింది. బలి స్థానంలో ప్రార్థనను, చదువును, పేదవాడికి చేసే సాయాన్ని నిలబెట్టారు వాళ్లు. మోషే ఐదు కాండాలైన తోరాలో 613 ఆజ్ఞలున్నాయని సంప్రదాయం లెక్క, చేయాల్సినవి 248, చేయకూడనివి 365. వాటిలో పెద్ద భాగం దేవాలయంతో ముడిపడ్డవి కాబట్టి పంతొమ్మిది వందల ఏళ్లకు పైగా ఆచరణలో లేవు. మన సండే స్కూలు బొమ్మల్లో మాత్రం యూదు మతమంటే ఇప్పటికీ రొమ్ముపతకం కట్టుకుని గొర్రెపిల్ల రక్తం చిలకరించే యాజకుడే.

పౌలు తాను పరిసయ్యుడినని, గమలీయేలు పాదాల దగ్గర చదివానని చెప్పుకున్నాడు. అపొస్తలులను చంపాలని సభ ఊగిపోతుంటే వద్దని వారించింది ఆ గమలీయేలే. ఇవన్నీ అపొస్తలుల కార్యాల్లోనే ఉన్నాయి. ప్రసంగం చేసేవాళ్లు ఆ అధ్యాయాలు చదవక కాదు.

విశ్రాంతి దినాన రోగిని బాగుచేయనివ్వని రాతిగుండెలు అంటారు. ప్రాణాపాయం ఉందన్న అనుమానం చాలు, సబ్బాతును పక్కన పెట్టి కాపాడాల్సిందేనని మిష్నా చెప్తుంది. సబ్బాతు మనిషి కోసమే గాని మనిషి సబ్బాతు కోసం కాదన్న భావం యేసు నోటనే కాదు, రబ్బీల నోటా ఉంది. ఆనాటి వాదమల్లా, ఏళ్ల తరబడి ఉన్న జబ్బు ఇంకొక్క పూట ఆగితే తప్పేమిటని. ఆ వాదంలో మీరు యేసు వైపే ఉండొచ్చు. ఎదుటివాళ్లకు మనసు లేదని మాత్రం అనలేరు.

సబ్బాతు ఎట్లా ఉంటుందో కూడా చెప్పాలి. శుక్రవారం పొద్దుగూకడానికి ముందే, వాడుకలో 18 నిమిషాల ముందు, ఇంటావిడ దీపాలు వెలిగిస్తుంది. ద్రాక్షారసం గిన్నె ఎత్తి ఆశీర్వచనం చెప్తారు. బల్ల మీద గుడ్డ కప్పిన రెండు రొట్టెలుంటాయి. శనివారం రాత్రి నక్షత్రాలు కనబడేదాకా 39 రకాల పనులు నిషిద్ధం: దున్నడం, విత్తడం, కోయడం, తూర్పారబట్టడం, పిండి విసరడం, నూలు వడకడం, నేయడం, నిప్పు రాజేయడం, ఇట్లా. యజమానికే కాదు, దాసుడికి, దాసికి, పరదేశికి, ఎద్దుకు, గాడిదకు కూడా ఆ రోజు సెలవు. ఐగుప్తులో నువ్వూ దాసుడివే, మరిచిపోకు అన్నది ద్వితీయోపదేశకాండం దానికి చెప్పే కారణం. దొరల గడీల్లో వెట్టి చేసిన తాతల మనవలం మనం. వారానికొక రోజు పాలేరును, ఎడ్లను పనిలోకి పిలవొద్దన్న శాసనాన్ని బరువైన కాడి అని ప్రసంగాల్లో ఎట్లా ఈసడించగలుగుతున్నామో నాకు అర్థం కాదు.

దేవుడి మాటను పక్కనబెట్టి మనుషుల పారంపర్యాచారాన్ని పట్టుకున్నారన్నది ఇంకొక ఆరోపణ. దీనికి రబ్బీలు దాచుకోకుండా జవాబు చెప్పుకున్నారు. ఒక మట్టి పొయ్యి శుద్ధమైనదా కాదా అన్న వాదంలో రబ్బీ ఎలియెజెరు ఒక్కడు ఒకవైపు, మిగతావాళ్లంతా ఇంకొకవైపు. నా మాటే నిజమైతే ఈ చెట్టు సాక్ష్యం చెప్పాలి అన్నాడాయన, చెట్టు వేళ్లతో లేచి అవతల పడింది. కాలువ నీళ్లు వెనక్కి పారాయి. బడి గోడలు వంగాయి. చివరికి ఆకాశం నుంచి స్వరమే వచ్చి ఎలియెజెరు మాట రైటు అంది. అప్పుడు రబ్బీ యెహోషువ లేచి, తోరా ఆకాశంలో లేదని అడ్డం తిరిగాడు. తోరా సీనాయి కొండ మీదే మనకిచ్చేశారు, ఇక మెజారిటీ మాటే చెల్లుతుందని దానికి తల్మూద్ చెప్పే అర్థం. దేవుడు దానికి కోపగించుకోలేదట, నా పిల్లలు నన్ను ఓడించారని నవ్వుకున్నాడట. ఈ కథను తమ పవిత్ర గ్రంథంలోనే రాసి పెట్టుకుని తరతరాలుగా చదువుకుంటున్నవాళ్లను అక్షరానికి బానిసలు అనడం ఎట్లా? 1923లో లుబ్లిన్ పండితుడు రబ్బీ మెయిర్ షపీరో ప్రతిపాదించిన పద్ధతిలో ఇవాళ్టికీ లోకమంతటా యూదులు రోజుకొక్క తల్మూద్ పత్రం చదువుతారు. మొత్తం 2,711 పత్రాలు. ఒక చుట్టు తిరగడానికి ఏడున్నరేళ్లు. ఆగిపోయిన మతమట!

ఇంతకీ వాళ్లు ఏం నమ్ముతారు? ఈ ప్రశ్న ముందుగా అడగడమే చర్చి నేర్పిన అలవాటు. విశ్వాస ప్రమాణం పలికించి సభ్యత్వం ఇచ్చే మతం కాదిది. ఈజిప్టులో వైద్యుడిగా బతికిన 12వ శతాబ్దపు పండితుడు మైమోనిడెస్ 13 సూత్రాలు రాశాడు. దేవుడొక్కడే, ఆయనకు శరీరం లేదు, తోరా ఆయనిచ్చిందే, మెస్సీయ వస్తాడు, చనిపోయినవాళ్లు లేస్తారు, ఈ దారిలో. తర్వాతి పండితులు వాటి మీద కూడా తగవు పడ్డారు. వాళ్ల పట్టంతా ఆచరణ మీద. పొద్దునా రాత్రీ దేవుడొక్కడే అనే షెమా చదవడం, గుమ్మానికి తోరా వాక్యాలున్న మెజూజా కట్టడం, పాలనూ మాంసాన్నీ కలపకపోవడం. రెక్కా పొలుసూ ఉన్న చేపే కోషర్, అంటే తినదగింది, కాబట్టి మన చేపల మార్కెట్లో బొచ్చె, రోహు చెల్లుతాయి, వాలుగ చెల్లదు, రొయ్య అసలే చెల్లదు.

ఆదిపాపం వాళ్ల సిద్ధాంతంలో లేదు. మనిషిలో మంచికి లాగేదొకటి, చెడుకు లాగేదొకటి ఉంటాయి, తప్పినవాడు మళ్లీ దారికి రావచ్చు. ప్రాయశ్చిత్త దినమైన యోమ్ కిప్పూర్ నాడు ఒక పూర్తి రోజు అన్నం నీళ్లు ముట్టరు. అయితే మిష్నా అక్కడొక మెలిక పెట్టింది. దేవుడి పట్ల చేసిన తప్పులే ఆ రోజుతో పోతాయి. తోటి మనిషికి చేసినవి ఆ మనిషిని పోయి ఒప్పించుకునేదాకా పోవు. కృప తెలియని మతమని దీన్నే అంటున్నారు. కూలి ఎగ్గొట్టినవాడు కూలివాడి గడప తొక్కకుండా దేవుడి దగ్గర మోకరించి తేలికపడిపోవడమే కృప అయితే, అది లేదు నిజమే. మత్తయి ఐదో అధ్యాయంలో యేసు కూడా అర్పణను అక్కడే వదిలి ముందు సహోదరుడితో సమాధానపడమన్నాడు. ఆయన పెరిగిన ఇంటి మాటే అది.

ఏర్పరచబడిన జనమని విర్రవీగుతారంటారు. రబ్బీల లెక్కలో అన్యజనులు యూదులు కావాల్సిన పని లేదు. నోవహు సంతతి అందరికీ ఏడు ఆజ్ఞలు చాలు, ఏ జాతిలోని నీతిమంతులకైనా రాబోయే లోకంలో వాటా ఉంది. అందుకే మతంలోకి రమ్మని ఊరూరా మైకులు పెట్టరు. నమ్మనివాడికి నరకమేనని రోడ్డు పక్క గోడల మీద రాసే మనవాళ్లు, ఎవరు ఎవరిని తక్కువ చూస్తున్నారో ఒకసారి ఆలోచించుకోవాలి.

మరి యేసును ఎందుకు ఒప్పుకోలేదు, కళ్లకు ముసుగు పడి కాదా? కాదు, కొలత వేరు. మైమోనిడెస్ చెప్పిన మెస్సీయ దావీదు వంశపు మనిషి, రాజు. చెదిరినవాళ్లను పోగుచేస్తాడు, దేవాలయం కడతాడు. అద్భుతాలు చేయాల్సిన అవసరమే లేదు. క్రీ.శ. 132లో రోమ్ మీద తిరగబడ్డ బార్ కోఖ్బాను సాక్షాత్తూ అకీవానే మెస్సీయ అనుకున్నాడు. 135లో ఆ తిరుగుబాటు అణగిపోయింది, అకీవా పొరపడ్డాడని మతమే రాసుకుంది. అదే కొలత అందరికీ పెట్టారు.

పుస్తకమైనా ఒక్కటే కదా అనేవాళ్లకు ఒక చిన్న సంగతి. పాత నిబంధనలో ప్రొటెస్టెంట్లు 39గా లెక్కపెట్టే పుస్తకాలనే యూదులు 24గా కట్టి తనఖ్ అంటారు. వరస వేరు. మన బైబిల్లో పాత నిబంధన మలాకీతో, రాబోయే ఏలీయాతో ముగుస్తుంది, పేజీ తిప్పితే మత్తయి. తనఖ్ దినవృత్తాంతాలతో ముగుస్తుంది, యెరూషలేముకు పోవాలనుకునేవాళ్లు బయల్దేరమన్న పారశీక రాజు కోరెషు ఆజ్ఞతో. ఒకటి క్రీస్తు కోసం ఎదురుచూపుగా పేర్చింది, ఇంకొకటి ఇంటికి ప్రయాణంగా పేర్చింది.

ప్రభువును చంపిన జాతి అన్న మాట ఇంకా కొన్ని వేదికల మీద వినబడుతూనే ఉంది. సిలువ రోమన్ల శిక్ష, వేయించినవాడు రోమన్ గవర్నరు. 1965లో రెండో వాటికన్ మహాసభ, యేసు మరణానికి నాటి యూదులందరినీ గానీ నేటి యూదులను గానీ నిందించకూడదని ప్రకటించింది. వరంగల్ కతోలిక మేత్రాసనం 1952 నాటిది. అంటే ఆ మేత్రాసనం పుట్టిన పదమూడేళ్లకే కతోలిక సభ ఈ లెక్క తేల్చేసింది. వీధి కూటాలు పెట్టుకునే స్వతంత్ర సంఘాలకు వాటికన్‌తో పని లేకపోవచ్చు, రోమన్ చరిత్రతో అయినా పని ఉండాలి.

ఇజ్రాయెల్ ప్రభుత్వం చేసే యుద్ధాలను యూదు మతం ఖాతాలో రాసేవాళ్లకు ఎక్కువ చెప్పను. ఆ రాజ్యాన్ని దాని చేతలను బట్టి ఎంతైనా నిలదీయండి. సాత్మార్ హసీదుల వంటి అతి నిష్ఠాపర యూదులే ఆ రాజ్య సిద్ధాంతాన్ని మతం పేరుతో వ్యతిరేకిస్తారని మాత్రం గుర్తుంచుకోండి.

ఎదుటివాడి మతం గురించి వాణ్నే అడిగి రాసిన మనిషి మన గడ్డ మీద ఒకడున్నాడు. దబిస్తానె మజాహిబ్ అనే పారశీక గ్రంథం రాసినవాడు 1647లో, అబ్దుల్లా కుతుబ్‌షా కాలంలో, హైదరాబాదు వచ్చాడు. అన్ని మతాల గురించీ ఆయా మతస్థుల నోటనే విని రాయాలని ఆయన పట్టుదల. ఇక్కడ ఆయనకు సర్మద్ దొరికాడు. కాషాన్‌లో యూదు కుటుంబంలో పుట్టి, తోరా చదివి, తర్వాత ఇస్లాం తీసుకుని, వర్తకం వదిలి దిగంబరంగా తిరిగిన కవి. ఆదికాండం మొదటి భాగాన్ని సర్మద్ శిష్యుడు అభయ్‌చంద్ పారశీకంలోకి తెస్తే గురువు సరిదిద్దాడు, ఆ గ్రంథంలోని యూదుల అధ్యాయంలో అది చేరింది. సర్మద్‌ను తర్వాత ఢిల్లీలో ఔరంగజేబు చంపించాడు. మూడున్నర శతాబ్దాలకు ముందే ఒక బాటసారి ఇంత జాగ్రత్త పడితే, చేతిలో ఫోను పెట్టుకుని మనం పరిసయ్యుడి కథల దగ్గరే ఉన్నాం.

ఈ అజ్ఞానం పుస్తకాల్లో ఉన్నంతసేపు పెద్ద నష్టం లేదు. గుంటూరు జిల్లా చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో అది మనుషుల మీద పడుతోంది. అక్కడ కొన్ని పదుల కుటుంబాలు తమను బెనె ఎఫ్రాయీము అని చెప్పుకుంటాయి, ఎఫ్రాయీము గోత్రం సంతానమని. పుట్టుకకు మాదిగలు, నిన్నటిదాకా క్రైస్తవులు. షమూయేలు యాకోబి, సాదోకు యాకోబి అనే అన్నదమ్ముల నాయకత్వంలో 1991లో సమాజమందిరం పెట్టుకున్నారు. సబ్బాతు చేస్తారు, పస్కా చేస్తారు, హీబ్రూ నేర్చుకుంటారు. మన పత్రికలకు వాళ్లు వింత వార్త, చర్చివాళ్లకు దారి తప్పినవాళ్లు, తెలివైనవాళ్లకు ఇజ్రాయెల్ వీసా కోసం వేషం కట్టినవాళ్లు.

వీసా సంగతి చూద్దాం. మెనషె గోత్రం సంతానమని చెప్పుకునే మిజోరం, మణిపూర్ల బెనె మెనషె వాళ్లను 2005లో ఇజ్రాయెల్ ప్రధాన రబ్బీ ష్లోమో అమార్ ఇజ్రాయెల్ సంతతిగా గుర్తించాడు, వాళ్లలో వేలమంది అక్కడికి పోయారు. కొత్తరెడ్డిపాలానికి అలాంటి గుర్తింపు రాలేదు. మూడు దశాబ్దాలు దాటినా ఊళ్లోనే ఉన్నారు, సబ్బాతు మానలేదు. వాళ్లలో ఎక్కువమంది పొలం కూలీలు, శనివారం కూలి పోతే పోయిందే. ఇక ఇక్కడి లాభమా? 1950 నాటి షెడ్యూల్డు కులాల ఉత్తర్వు హిందువులకు, సిక్కులకు, బౌద్ధులకే ఎస్సీ హోదా ఇస్తుంది. క్రైస్తవుడైన దళితుడికి మన దగ్గర బీసీ సీ అన్నా ఉంది. యూదుడినని కాగితం మీద రాసుకున్న దళితుడికి ఆ రెండూ లేవు. లాభం చూసుకునేవాడు ఎవడూ ఈ మతం ఎంచుకోడు.

వాళ్లు చెప్పే పుట్టుపూర్వోత్తరాలతో మాత్రం నేను ఏకీభవించను. షమూయేలు యాకోబి 2002లో వేసిన పుస్తకంలో తెలుగుకూ హీబ్రూకూ పురాతన బంధం ఉందని వాదించాడు. తెలుగు ద్రావిడ భాష, హీబ్రూ సెమిటిక్ భాష, శబ్దాలు కలిసినంత మాత్రాన చుట్టరికం రాదు. ఎఫ్రాయీము గోత్రం గోదావరి దాటి వచ్చిందనడానికి ఆధారం లేదు. అంటరానితనం అంటగట్టిన కథకు ఎదురుగా ఇంకొక గొప్ప పుట్టుక కథ చెప్పుకోవాల్సి రావడంలోని బాధ నాకు తెలుస్తుంది. అయినా ఆ కథ వాళ్లకు అక్కర్లేదు.

యూదుడు కావాలంటే యూదు రక్తమే ఉండాలన్నది కూడా మన ప్రసంగాల పాఠమే. కొంకణ తీరంలో శనివారం గానుగ ఆపేవాళ్లు కాబట్టి శనివార్ తేలీలు అనిపించుకున్న బెనె ఇజ్రాయెల్ వాళ్ల పుట్టుకను ఇజ్రాయెల్ రబ్బీలు కూడా అనుమానించారు, వాళ్లు ఇజ్రాయెల్లో ధర్నాలకు దిగాక 1964లో గాని పూర్తి యూదులని ఒప్పుకోలేదు. పుట్టుకతో నిమిత్తం లేని దారి మాత్రం ఎప్పటి నుంచో ఉంది: ముగ్గురు కూర్చునే బేత్ దీన్ అనే మత న్యాయస్థానం ముందు ఒప్పుకోలు, మగవాళ్లకు సున్నతి, మిక్వే అనే శుద్ధి కొలనులో మునక. దావీదు ముత్తవ్వ రూతు మోయాబు స్త్రీ.

12వ శతాబ్దంలో ఓబద్యా అనే ఒకడు, పుట్టుకకు అన్యుడు, యూదు మతం తీసుకుని మైమోనిడెస్‌కు ఉత్తరం రాశాడు. ప్రార్థనలో మా పితరుల దేవా అనాలి కదా, నా తాతలు యూదులు కారు, నేను ఆ మాట అనొచ్చా అని. అనాల్సిందే, ఒక్క అక్షరం మార్చకు అని జవాబొచ్చింది. అబ్రాహాము దారి పట్టిన ప్రతివాడికీ ఆయనే తండ్రి. ఓబద్యాకు ఒక గురువుండేవాడు. ఏదో వాదంలో శిష్యుణ్ని మూర్ఖుడా అని ఈసడించి సిగ్గుపడేలా చేశాడు. ఆ సంగతి కూడా ఓబద్యా రాస్తే మైమోనిడెస్ గురువు పక్షం పట్టలేదు. తండ్రినీ ఊరినీ వదిలి వచ్చిన మనిషిని అంత మాట అన్నందుకు ఆ గురువు శిష్యుడి దగ్గరికి పోయి క్షమాపణ అడగాలని, ఆ తర్వాత ఉపవాసముండి దేవుణ్ని వేడుకోవాలని రాశాడు.